అద్దకపు ఊయల

1958లో కొల్లాపూరు కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు హైదరాబాదు నుండి ఒక అద్దకపు ఊయలను తెప్పించుకున్నాను. వంపు తిరిగిన కొయ్యకు అడుగున అద్దుడు కాగితం బిగించి ఉండేది. తడి సిరాపై ఊపితే చాలు, ఆరిపోయేది. అటువంటిది కచేరీలో మరొకరికి లేదని నేను గర్వించిన మాట నిజం.

ఒకనాడు గొర్రెల కాపరి ఐలేశం అడవిలో మేత పర్మిట్టు కోసం వచ్చాడు. తహసీల్దారుగారు క్యాంపుకు బయలుదేరుతున్నారు. వారి సంతకం అప్పుడే కాకుంటే మంద మరో వారం పస్తుండాలి. ఐలేశం వేసిన వేలిముద్రపై నా ఊయలను ఘనంగా ఊపాను. ముద్ర కాస్తా అలుక్కుపోయింది.

“సారూ, ఉయ్యాల ఊపితే నా ఏలు నిద్రవోయింది గదా!” అన్నాడు.

మిగిలింది ఒక్కటే ఫారం. ఐలేశం మళ్లీ ముద్ర వేసి, నా చెయ్యి ఊయల వైపు కదలకముందే, మంచినీళ్ల కుండ కింద పోసిన ఇసుకలో పొడిగా ఉన్నచోట చిటికెడు తీసి చల్లాడు.

“సంస్థానం కచేరీల మా తాత ముద్రేస్తే గిట్లనే ఉసికె చల్లేటోళ్లట. జర ఆగుండ్రి.”

తర్వాత ఊదాడు. గీతలన్నీ స్పష్టంగా నిలిచాయి. సంతకమైంది.

మరుసటి ఏడు మళ్లీ వచ్చి, “పాపం, ఉయ్యాల ఖాళీగున్నదా సారూ?” అని అడిగాడు. నేను బల్లపైనున్న ఇసుక డబ్బాను అతని ముందుకు జరిపాను.