మెట్ల దగ్గరి సీసా

మొగుణ్ణి ఆరు నెలలపాటు బద్ధకస్తుడని దెప్పిన మనిషికి, తప్పు తనదేనని తెలిస్తే ఎలా ఉంటుంది? కోడలికి ఆ పొద్దున అలాగే ఉంది.

వాళ్లది బంగారం తీసే చిన్న షెడ్డు, మామగారిది. రాతిపొడిని సైనైడు నీళ్ల తొట్టిలో నానబెడితే బంగారం నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లలో సున్నం తగ్గితే మాత్రం విషం గాలిలోకి లేస్తుంది. అందుకే రోజూ సీసాతో నీళ్లు తోడి, సైనైడు ఎంతుందో చుక్కల మందుతో, సున్నం సరిపోయిందో లేదో రంగు కాగితంతో చూసి పుస్తకంలో రాయడం కోడలి పని. ఆరు నెలలుగా తొట్టి అవతలి మూల నిలబడి బురద కలిపేది ఆవిడ మొగుడు. మధ్యాహ్నానికల్లా తల పట్టుకుని కూలబడతాడని అతనికి కునుకయ్య అని పేరు పెట్టారు. పెట్టిందీ కోడలే, ఇంకెవరో కాదు.

ఆ పొద్దున సీసా తాడు తెగింది. ఆ తాడు పదేళ్లుగా మెట్ల రెయిలింగుకే కట్టి ఉంది, పైగా పొట్టిది. కోడలు సీసాని పొడుగాటి కర్రకి కట్టి, కర్ర అంతదూరం అందుతోంది కదా అని అవతలి మూల ముంచింది. సున్నం సరిపోతే నీలంగా మారాల్సిన కాగితం ఆకుపచ్చగా మారింది. మూడుసార్లు చూసినా అంతే. మెట్ల దగ్గర ముంచితే చక్కగా నీలం.

ఆవిడ మొగుణ్ణి బయటికి పంపేసి, తొట్టిలో నీళ్లు తిప్పే మోటారు ఆపింది.

"మోటారెవరు ఆపారు?" అంటూ మామగారు వచ్చాడు.

"నేనే మామయ్యా. అవతలి మూలకి సున్నం చేరట్లేదు."

"పదేళ్లనుంచి చూస్తున్నాం, ఎప్పుడైనా తేడా వచ్చిందా? మీ ఆయన కునికితే తొట్టిని అంటావేంటమ్మా?"

"పదేళ్లనుంచీ మెట్ల దగ్గరే ముంచుతున్నాం. సున్నం బస్తా గుమ్మరించేదీ అక్కడే. ఇక తేడా ఎలా కనపడుతుంది?"

"సరేలే, ఈ పూటకి కానివ్వు. రేపు చూద్దాం."

"కానివ్వను," అంది కోడలు. మామగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. స్విచ్చు ముందునుంచి కదల్లేదు. "మీరే ముంచి చూడండి. గాలి వీపుకి తగిలేవైపు నిలబడి, కర్రతో."

మామగారు గొణుక్కుంటూనే ముంచాడు. మెట్ల దగ్గర నీలం, మూలన ఆకుపచ్చ. కాగితాలు పాతవన్నాడు. కొత్త డబ్బా విప్పి ఇచ్చింది. అదీ ఆకుపచ్చే. అవతలి మూల అరుగు మీద కొడుకు బూట్ల కింద అరిగిన గుర్తులు కనపడుతున్నాయి. ఆయన వాటికేసి చూశాడు.

"వాణ్ణి అక్కడ నిలబెట్టింది నేనే," అన్నాడు.

కోడలు పుస్తకం తీసింది. ఆరు నెలల పేజీల్లో 'బాగుంది, బాగుంది' అని తన చేతిరాతే. సిగ్గేసింది, అయినా ఒక్క పేజీ చించలేదు. కిందే రాసింది: 'మూలలో సున్నం తక్కువ. పని ఆపాం. ఇకనుంచి నాలుగు మూలలా, మధ్యలోనూ చూడాలి.' మామగారు పక్కనే సంతకం చేసి, రెయిలింగుకి మిగిలిన తాడుముక్కని విప్పి పారేశాడు.

బయట బల్ల మీద మొగుడు నుదురు నొక్కుకుంటున్నాడు. ఆవిడ అతని చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.

"పదండి, ఆస్పత్రికి."

"తలనొప్పని రోజూ చెబుతూనే ఉన్నా కదే," అన్నాడు అతను.

"చెప్పారు," అంది కోడలు. "నేనే వినలేదు."