ఆవిడ పెదాలకు నా గొంతు

నా వృత్తి డబ్బింగ్. తెర మీద ఎవరి పెదాలు కదిలినా వాళ్ళ తరఫున నేను మాట్లాడతాను. ఈ జబ్బు స్టూడియోలోనే ఉండిపోతే బాగుండేది. ఫోన్‌లో మా తమ్ముడు "వదిన ఎలా ఉంది?" అంటే, పక్కనే ఉన్న మా ఆవిడ వైపు చూడకుండానే బాగుందని చెప్పేస్తాను.

"ఎన్నికల్లో గెలిచినవాళ్ళు మన పేరు చెప్పి మాట్లాడింది చాలు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి" అని టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలిచ్చేదీ నేనే. నీతులున్నది ఎదుటివాళ్ళకి చెప్పడానికే కదా.

ఆ మాట విన్నట్టే మా నగరపాలక సంస్థ ఊరి సంగతులు తేల్చడానికి చీట్లు తీసి, మామూలు జనంతో ఒక సభ పెట్టింది. చీటీ మా ఆవిడకి వచ్చింది. నాకు కడుపు మండింది. ఎవరికొస్తేనేం, మాట్లాడేది ఎలాగూ నేనే అని సర్దిచెప్పుకున్నాను.

ఆరోజు తేల్చాల్సింది మా వీధి బస్సు సంగతి. ఉంచాలా, పెద్దరోడ్డుకి మళ్ళించాలా అని. దాని హారన్ నేను ఇంట్లో చేసే రికార్డింగులన్నీ తగలేస్తోంది. మళ్ళించమని ఆవిడకో ఉపన్యాసం రాసిచ్చాను. మడిచి సంచిలో పెట్టుకుంది. చదువుతానని మాత్రం అనలేదు. ఆ మాటా ఆవిడ తరఫున నేనే అనేసుకున్నాను.

సభలో ఆవిడ మైకు ముందు నిలబడి పెదాలు విప్పింది. మాట రాలేదు. విప్పిన పెదాలకు గొంతు లేకపోతే నా ప్రాణం విలవిల్లాడిపోతుంది. "సభ్యులారా, ఈ బస్సు మాకొద్దు" అని ప్రేక్షకుల వరసలోంచి నా గొంతు ఖంగుమంది. ఆవిడ పెదాలకు అతికినట్టు సరిపోయింది కూడా. సభంతా ఘొల్లుమంది. అధ్యక్షురాలు మాత్రం నవ్వకుండా, నన్ను బయట కూర్చోమంది. సిగ్గుతో చచ్చిపోయాను.

తలుపు అవతల నుంచి ఆవిడ గొంతు వినబడింది.

"ఆయనకి బస్సు గోల. నాకేమో ఆ బస్సే కాళ్ళు. మోకాళ్ళ నొప్పులు, పెద్దరోడ్డు దాకా నడవలేను. అది పోతే నేను ఇల్లు కదలను."

బస్సు ఉండాలనే తేల్చారు. ఇద్దరం అందులోనే ఇంటికి బయల్దేరాం.

"మోకాళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరడిగినా బాగుందని మీరే చెప్పేస్తారుగా. ఇక నేనేం చెప్పను?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ఆవిడ నా తరఫున ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, నేను చెప్పేదాకా ఆగింది.