గొట్టం ఎటు తిరగాలి

గి దోంగ్‌చొల్ ఒళ్లు కాలిన రోజు ఎండ బాగా కాసింది. మబ్బు పట్టి ఉంటే బతికేవాడేమోనని అతని తోటివాళ్లు ఇప్పటికీ అంటారు. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి కనబడదు. దానికి పొగ ఉండదు, రంగూ ఉండదు.

చాంగ్‌వాన్ నుంచి మాసాన్ వెళ్లే దారిలో ఒక హైడ్రోజన్ బస్సు వెనక చక్రం దగ్గర అంటుకుంది. డ్రైవరు అందరినీ దింపేశాడు. ఫైర్ స్టేషన్ నుంచి వచ్చిన దోంగ్‌చొల్, లోపల ఎవరైనా మిగిలారేమో చూద్దామని బస్సు పక్కగా నడిచాడు. ఆ బస్సుకి టాంకులు కింద, పొట్టలో ఉన్నాయి. వేడి తగలగానే టాంకు పేలకుండా లోపలి గ్యాసును వదిలేసే వాల్వు ఒకటుంటుంది. అది తన పని తాను సరిగ్గానే చేసింది. కాకపోతే గ్యాసు బయటికొచ్చే గొట్టం పక్కకి తిరిగి ఉంది. గ్యాసు మండుతూ వచ్చింది. బుస్సుమన్న చప్పుడు టైరుదనుకున్నారు. దోంగ్‌చొల్ కనబడని ఆ మంటలోకి నడిచి వెళ్లాడు. ఎవరో పిలిస్తే ఆగినట్టు ఆగి, కింద కూర్చుండిపోయాడని చూసినవాళ్లు చెప్పారు. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి పోయాడు.

ఆ బస్సు టాంకుల్ని పరీక్షించే పని నేను పనిచేసే గ్యాసు భద్రతా కేంద్రానికి వచ్చింది. మా పెద్ద ఇంజినీరు తక్ గ్యోంగ్‌సు. బడిలో దోంగ్‌చొల్‌కి జూనియరు, చిన్నప్పటి నుంచీ అతన్ని అన్నా అని పిలిచినవాడు. అప్పుడే ఉద్యోగంలో చేరిన నేను, ఒక మనిషి ఏడుపు ఆపుకోవడానికి అంత పని చేయడం మొదటిసారి చూశాను. మంటల్లో టాంకుల్ని కాల్చి కాల్చి, చివరికి దేశమంతటికీ ఒక రూలు పెట్టించాడు. ఏ బస్సుకైనా ఆ గొట్టం పైకప్పు దాకా వెళ్లి ఆకాశం వైపే తెరుచుకోవాలి. మా ఆఫీసులో దాన్ని దోంగ్‌చొల్ రూలు అనే పిలిచేవాళ్లం.

ఫైర్ స్టేషన్ ఎదురుగా పంది ఎముకల పులుసు, అన్నం అమ్మే కొట్టు దోంగ్‌చొల్ భార్య మో యోంగ్‌రాన్‌ది. రూలు వచ్చిన రోజు గ్యోంగ్‌సు నన్ను అక్కడికే తీసుకెళ్లాడు. ఆమె అంతా విని, “ఇక ఎవరి మొహం మీదకీ రాదన్నమాట” అంది. వేరే వాళ్లకి వడ్డించడానికి వెళ్లింది.

తర్వాత కొన్నేళ్లకి ప్రపంచమంతటికీ కలిపి ఒకే భద్రతా ప్రమాణం రాసే పని మొదలైంది. ఒక దేశంలో పాసైన బస్సు మరో దేశంలో మళ్లీ పరీక్ష లేకుండా తిరగాలి, అదీ ఉద్దేశం. మా దేశం తరఫున గ్యోంగ్‌సుని వేశారు. నేను సహాయకురాలిని. జెనీవాలో ఏడాదికి రెండు మూడుసార్లు కూర్చునేవాళ్లం. ఒక్కో వాక్యానికి పూటలు పూటలు గడిచిపోయేవి.

గొట్టం దగ్గర పేచీ వచ్చింది. కొండల దేశం నుంచి వచ్చిన హెల్విగ్ అనే ఆయన, తమకు సొరంగాలు ఎక్కువనీ, పైకి వదిలిన మంట సొరంగం కప్పుకి తగిలి అందరి మీదా పరుచుకుంటుందనీ చెప్పాడు. అబద్ధం కాదు. గ్యోంగ్‌సు కూడా ఒప్పుకున్నాడు. సరే, పక్కకే పెట్టుకోండి, కానీ బస్సు బయట ఒక బాణం గుర్తు వేయండి, మంటలార్పడానికి వచ్చినవాడు ఏ పక్కకి వెళ్లకూడదో తెలుసుకుంటాడు, అని అడిగాడు. చాలామంది తలూపారు. ఆ సాయంత్రం పని అయిపోయినట్టే అనిపించింది.

మర్నాడు భోజనాల దగ్గర మా మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన ప్యో సుంగ్‌జున్ ట్రే పట్టుకుని మా ఎదురుగా కూర్చున్నాడు. గ్యోంగ్‌సు కంటే వయసులో చాలా చిన్నవాడు.

“తక్ గారూ, ఒక్క గొట్టం మీద ఇంకెన్నాళ్లండీ?”

“గొట్టం గురించి కాదండీ. దాని ముందు నిలబడేవాడి గురించి.”

“మన కంపెనీల టాంకుల్ని ఇంకొన్నేళ్లు ఎక్కువ వాడుకోవడానికి హెల్విగ్ వాళ్లు ఒప్పుకుంటున్నారు. మనవాళ్లకి కావలసింది అదే. మీరు ఇది వదిలితే వాళ్లు అది ఇస్తారు.”

“గొట్టం వదిలేశాను కదా. గుర్తైనా ఉండనివ్వండి. అరచేతంత బొమ్మ.”

“టికెట్ కొనుక్కున్నవాడికి తలుపు పక్కన ఆ బొమ్మ కనబడితే? ఎక్కుతాడా?”

“ఎక్కకపోతే నడుస్తాడు.”

ప్యో నవ్వాడు. “ఈ జోకు మాత్రం లోపల వేయకండి. అనువాదంలో చచ్చిపోతుంది.” లేస్తూ, ఎంతో మర్యాదగా, “పొద్దున సియోల్ నుంచి పైవాళ్ల ఫోన్ వచ్చింది. మీ పేరు అడిగి తెలుసుకున్నారు” అన్నాడు.

మధ్యాహ్నం సమావేశం అధ్యక్షురాలు గొట్టం గురించిన వాక్యం చదివింది. గ్యాసును ‘మనుషులకు ప్రమాదం తగ్గే దిశలో’ వదలాలి. గుర్తు ఊసు లేదు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగింది. అభ్యంతరం ఉన్నవాళ్లు తమ దేశం పేరున్న పలకను నిలువుగా నిలబెట్టాలి. గ్యోంగ్‌సు చెయ్యి పలక మీదకి వెళ్లింది. నిలబెడతాడనే అనుకున్నాను. బల్ల అంచుకి సమానంగా ఉండేట్టు దాన్ని కాస్త జరిపి చెయ్యి తీసేశాడు. వాక్యం ఆమోదమైనట్టు అధ్యక్షురాలు సుత్తి కొట్టింది. హెల్విగ్ వచ్చి చెయ్యి కలిపి, మీరు లేకపోతే ఇది కుదిరేది కాదన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

హోటలుకి వెళ్లే ట్రాములో ఉండబట్టలేక అడిగాను.

“ఎందుకు సార్?”

“నేను కాదంటే ఇంకొకర్ని పంపేవాళ్లు, హాయోంగ్.”

“పంపనివ్వాల్సింది.”

ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది మా స్టాపు కాదు.

ప్రపంచ ప్రమాణం ఒప్పుకున్నాక మా సొంత రూలు దానికి అడ్డం. దాన్ని కొట్టేస్తారని తెలిసిన రోజు గ్యోంగ్‌సు మళ్లీ నన్ను వెంటబెట్టుకుని పులుసు కొట్టుకి వెళ్లాడు. మధ్యాహ్నం రద్దీ తగ్గింది. యోంగ్‌రాన్ పెద్ద గిన్నెలో పులుసు కలుపుతోంది.

“ఏంటి తమ్ముడూ, తోడు తెచ్చుకున్నావు. ఒంటరిగా చెప్పలేని మాటా?”

“కూర్చో వదినా.”

“కూర్చుంటే అడుగంటుద్ది. చెప్పు.”

ఆయన సొరంగాల దగ్గర్నుంచీ చెప్పుకొచ్చాడు. ఆమె గరిటె ఆపలేదు.

“మళ్లీ పక్కకేనన్నమాట.”

“అన్నిటికీ కాదు. కొన్ని బస్సులకి.”

“ఏ బస్సుకో బయటికి తెలుస్తుందా?”

“తెలీదు.”

“జెనీవా నుంచి ఫోన్ చేసి గుర్తు పెట్టిస్తానన్నావుగా.”

“ఒప్పుకోలేదు.”

“నువ్వు గట్టిగా అడిగావా?”

గ్యోంగ్‌సు నా వైపు చూశాడు. నేను బల్ల మీదున్న ముల్లంగి కిమ్చి పచ్చడి ముక్క నోట్లో పెట్టుకున్నాను.

“లేదు వదినా,” అన్నాడు.

ఆమె స్టవ్ కట్టేసింది. “మీ ఆఫీసులో ఆ రూలుకి మీ అన్న పేరంట కదా. కొట్టేసేటప్పుడు కూడా ఆ పేరు చెప్పే కొట్టేస్తారా?”

ఆమె ఇద్దరికీ గిన్నెలు పెట్టింది. “తినండి. తిండి పెట్టకుండా పంపితే మీ అన్న నన్ను తిడతాడు.” ఆయన చివరి మెతుకు దాకా తిన్నాడు. లేచేటప్పుడు ఆమె వీధికి అవతల ఉన్న స్టేషన్ వైపు చూసింది.

“రేపు అట్లాంటి బస్సు అంటుకుంటే ఈ పిల్లలు ఏం చెయ్యాలి?”

“వేడిని చూపించే కెమెరాలు ఇస్తారు.”

“ఇచ్చేదాకా?”

గ్యోంగ్‌సు “చీపురు” అన్నాడు. “హైడ్రోజన్ తయారుచేసే చోట వెనకటి పనివాళ్లు చీపురు ముందుకు చాపి నడిచేవాళ్లు. చివర అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. నవ్వులాట కాదు వదినా.”

“నేను నవ్వానా?”

ఆ వారమే ఆమె పొడుగు కర్రల జొన్న చీపుళ్లు కొని స్టేషన్‌కి ఇచ్చింది. దోంగ్‌చొల్‌తో పాటు చేరిన అధికారే ఇప్పుడు అక్కడ పెద్ద. ఆయన వాటిని బండ్లలో పెట్టించి, వచ్చి నేర్పమని గ్యోంగ్‌సుకి ఫోన్ చేశాడు. మేం చిన్న బర్నరు తీసుకెళ్లాం. మిట్టమధ్యాహ్నం స్టేషన్ ఆవరణలో గ్యాసు వదిలి వెలిగించాం. ఏమీ కనబడలేదు. గ్యోంగ్‌సు చీపురు చాపి ఒక్కో అడుగూ వేశాడు. ఖాళీ గాలిలో చీపురు చివర భగ్గుమంది. అంతదాకా ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతున్న కుర్రాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

గేటు దగ్గర యోంగ్‌రాన్ ఏప్రన్‌తోనే నిలబడి ఉంది. మెల్లగా లోపలికి వచ్చింది.

“ఇదేనా?”

“ఇదే వదినా.”

“ఇంకోసారి చూపించు.”

ఆయన ఇంకో చీపురు తీసుకున్నాడు. అది పూర్తిగా కాలేదాకా ఆమె రెప్ప వేయకుండా చూసింది.

అప్పుడు ఎవరో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. పక్కకి గొట్టమున్న కొత్త బస్సుల్ని ప్రారంభించే ముందు ఈ గోల ఏమిటని ప్యో ఫోన్ చేశాడు. ఆ గదిలో నేనున్నాను. గ్యోంగ్‌సు “అలాగేనండీ” అన్నాడు. ఇంకే స్టేషన్‌కీ నేర్పడానికి వెళ్లలేదు. ఆమోదించిన సామగ్రిలో చీపురు లేదని పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు వాటిని బండ్లలోంచి తీయించేశారు. స్టేషన్ పెద్ద వాటిని తనే మోసుకొచ్చి, కొట్టు వెనక తలుపు దగ్గర ఆనించి, ఆమెను పిలవకుండా వెళ్లిపోయాడు. కెమెరాలు ఇంకా రాలేదు. గ్యోంగ్‌సుని మరో అంతర్జాతీయ ఉపసంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

దోంగ్‌చొల్ తద్దినానికి ఆయన ప్రతి ఏడూ బేరిపళ్లు పట్టుకుని వెళ్తాడు. ఆ ఏడూ వెళ్లాడు. నేనూ వెళ్లాను. యోంగ్‌రాన్ పళ్లు తీసుకుంది, కడిగి పటం ముందు పెట్టింది, ఆయన నేలకి వంగి మొక్కుతుంటే పక్కన నిలబడింది. తిన్నాక మిగిలినవి పొట్లం కట్టి ఇచ్చి, “వచ్చే ఏటి నుంచి శ్రమ పడొద్దు తక్ గారూ,” అంది. తమ్ముడూ అనలేదు. ఆయన తల ఊపి బయటికి వెళ్లి బూట్లు వేసుకున్నాడు.

గిన్నెలు సర్దడానికి నేను ఆగాను.

“అతను చెడ్డోడు కాదు,” అంది ఆమె, కొళాయి కింద చేతులు పెట్టి. “చెడ్డోడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.”

నేను బయటికి వచ్చేసరికి గ్యోంగ్‌సు కారు స్టార్ట్ చేసి, పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త ఉపసంఘం సమావేశానికి మర్నాడు ఉదయం విమానం ఎక్కాలి కాబట్టి నన్ను ముందు దింపేస్తానన్నాడు.