పచ్చ వైరు

చలికాలం మొదలైందంటే కాలువ వెంబడి రోడ్డు తెల్లవారుజామున మంచుకి కనిపించదు. రోడ్డుకీ కాలువకీ మధ్య పాతిన రాళ్లూ కనిపించవు. మా అమ్మాయి ఆ రోడ్డు మీదే రోజు మార్చి రోజు కారు తోలుతుంది. మూత్రపిండాలు పాడైన ఒక పెద్దావిడను రక్తం శుద్ధి చేసే ఆసుపత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దించుతుంది. కారు వాళ్ల నాన్నది. ఆయన పోయాక అమ్మేద్దామన్నాను నేను. "నాన్న సీటు నాకు సరిగ్గా సరిపోయింది, ముందుకీ వెనక్కీ జరపక్కర్లేదు" అని తాళంచెవి తీసుకుంది.

ఈసారి చలి మొదట్లోనే ఒక పాల వ్యాను కాలువలోకి దిగిపోయింది. డ్రైవరు అద్దం పగలగొట్టుకుని బయటపడ్డాడు గానీ, ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు. మంచు లైట్లు పెట్టించేదాకా కారు తియ్యొద్దని పట్టుబట్టాను. అమ్మాయి సణుక్కుంటూనే ఒక జత కొనుక్కొచ్చింది. గుండ్రటి లైట్లు, వాటిని బిగించే ఇనుప పట్టీలు, వైర్ల చుట్ట, ఒక స్విచ్చి, లైట్లకి కరెంటు కలిపే, అగ్గిపెట్టె కంటే చిన్న రిలే.

అన్నీ మంచం మీద పరిచి, "ఎవరితో పెట్టిద్దాం?" అంది.

ఇద్దరికీ జవాబు తెలుసు.

మా అన్నయ్య కార్లకు కరెంటు పని చేస్తాడు. మీసాలు రాకముందు నుంచీ అదే పని. మా ఆయన కారులో అన్నయ్య చెయ్యి పడని వైరు లేదు. కానీ రెండేళ్లుగా అన్నయ్య కంటినరం ఎండిపోతోంది. చుట్టూ చీకటి ముసురుకొచ్చి మధ్యలో కాస్త కిటికీ మిగిలింది. ఆ కిటికీలోనూ రంగులన్నీ బూడిద రంగులోకి దిగిపోయాయి. కంట్లో మందు వేస్తే ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదు అన్నాడు డాక్టరు. అన్నయ్య పనిచేసే షెడ్డు యజమాని మర్యాదస్తుడు, పొమ్మనలేదు. బ్యాటరీలకు చార్జింగు పెట్టే మూల దగ్గర స్టూలు వేశాడు.

లైట్లు కొన్నామని ఎవరు చెప్పారో, సాయంత్రానికి అన్నయ్య పనిపెట్టె పట్టుకుని వచ్చాడు. గుమ్మం చెక్కను చేత్తో తాకి, తలవంచి లోపలికి అడుగుపెట్టాడు.

"నేనుండగా నా బావ కారు మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడా?" అన్నాడు కూర్చుంటూ.

"కన్ను..." అన్నాను.

"కన్ను సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. ఇది ఆఖరి పరీక్ష అనుకో. ఈ లైట్లు సరిగ్గా వెలిగితే మా యజమానిని లాక్కొచ్చి చూపిస్తాను, నా పని నాకిమ్మంటాను. తేడా వస్తే ఈ పెట్టె నేనే మూసేస్తాను. ఎవరిచేతా అనిపించుకోను."

అమ్మాయి నన్ను వంటింట్లోకి లాగింది. "అమ్మా, మొన్న సందులో నన్ను చూసి 'ఏమే చెల్లీ' అన్నాడు."

"నువ్వు నా పోలికేగా."

"ఎత్తులో నువ్వు నాలో సగం ఉంటావు. పోలికట." తర్వాత గొంతు తగ్గించింది. "ఆ కారులో నేనొక్కదాన్నే ఉండను. ఇంకో ప్రాణం ఉంటుంది."

"పక్కనుండి నువ్వే అందివ్వు. ఆయన చేతులు మర్చిపోలేదు."

అలా అన్నాను. నిజమే అన్నాను కూడా. ఆ చేతులు మర్చిపోలేదు.

మర్నాడు సెలవు. ఇంటి ముందు ఎండలో కారు పెట్టాం. అన్నయ్య ముందు బ్యాటరీ మీది నల్ల కొస ఊడదీసి పక్కకు వంచాడు. బంపరు కింద పడుకుని పట్టీలు బిగించాడు.

"అంత కిందకెందుకు మామయ్యా? అందంగా పైన పెట్టొచ్చుగా."

"అందం నీ ముఖానికి పెట్టుకో కోడలా. మంచు నేలకి కాస్త ఎత్తులో తేలుతుంది. పైనుంచి వెలుగు కొడితే మన కళ్లలోకే తిరిగొస్తుంది. దాని కాళ్ల కిందనుంచి దూరితేనే రోడ్డు కనిపిస్తుంది."

వైరు తోలు పళ్లతో ఒలిచాడు. రిలే కాళ్లను వేలికొసతో తడిమి, ఇది బ్యాటరీకి, ఇది లైట్లకి, ఇది బాడీకి అని పాఠంలా చెప్పాడు. వేడెక్కే గొట్టానికి దూరంగా వైర్లు నడిపి, ప్రతి మలుపు దగ్గరా కట్టు వేశాడు. ఎక్కడా అమ్మాయిని అడగలేదు. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. పాత అన్నయ్య తిరిగొచ్చాడనిపించి నాకు గుండె తేలికపడింది.

స్టీరింగు కింద పని మిగిలింది. అక్కడ రంగురంగుల వైర్లు జడలా అల్లుకుని ఉంటాయి. ఎండ లోపలికి పడదు. అన్నయ్య తల దూర్చి, తీసి, మళ్లీ దూర్చాడు.

"కోడలా, నువ్వు సన్నగా ఉన్నావు, దూరు. రిలేని నిద్రలేపడానికి ఒక వైరు కావాలి. చిన్నలైటు, అదే పార్కింగు లైటు, దాని వైరు నుంచి తియ్యాలి. చిన్నలైటు వేసుకుని, ఈ కొత్త స్విచ్చి నొక్కితే మంచు లైట్లు లేవాలి. పెద్దలైటుతో మాత్రం ముడిపెట్టకూడదు. మంచులో పెద్దలైటు వేశావంటే తెల్లగోడకి ముఖం ఆనించి నిలబడ్డట్టే."

"ఏ వైరు?"

"పచ్చది. ఈ రకం కారులో చిన్నలైటుకి పచ్చదే."

అమ్మాయి వెల్లకిలా పడుకుని వెతికింది. "దొరికింది. పచ్చది."

"ఒక్కటేనా?"

"పచ్చది ఒక్కటే ఉంది."

ఆమె పట్టుకున్న చోట అన్నయ్య తడిమి, తోలు గీకి, కొత్త వైరు మెలేసి, టేపు చుట్టాడు. బ్యాటరీ కొస మళ్లీ తగిలించి, "లైట్లన్నీ వెయ్యి" అన్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. కనిపించవేమోనని అమ్మాయి చిన్నవీ పెద్దవీ అన్నీ వేసి, కొత్త స్విచ్చి నొక్కింది.

అన్నయ్య బంపరు ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో లైటు అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. ఆయన పరీక్ష ఎప్పుడూ అంతే. కళ్లు బాగున్న రోజుల్లోనూ అంతే. వెలిగిందా అని ఎవరినీ అడిగి ఎరగడు, అరచేతికి వేడి తగిలితే వెలిగినట్టే. తగిలింది. మనిషి ముఖం విచ్చుకుంది.

"ఎల్లుండి మా యజమానిని తీసుకొస్తాను" అన్నాడు.

తెల్లవారి మంచు కురిసింది. అమ్మాయి బయల్దేరేసరికి వీధి చివర దుకాణం కూడా కనిపించడం లేదు. ఆ తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నదే.

ఊరు దాటేవరకు వీధి దీపాలు ఉంటాయి, అవసరం రాలేదు. కాలువ రోడ్డెక్కాక చిన్నలైటు వేసి కొత్త స్విచ్చి నొక్కింది. లేవలేదు. మళ్లీ నొక్కింది. వెనక సీట్లో పెద్దావిడ "ఏమైందమ్మా" అంది. పెద్దలైటు వేసింది. అప్పుడు లేచాయి మంచు లైట్లు, కానీ వాటితో పాటే పెద్దలైటూ వెలిగి, అద్దం ముందు ఎవరో తెల్ల దుప్పటి కట్టినట్టయింది. ఆర్పితే రెండూ ఆరిపోయాయి. ఆగుదామంటే వెనకనుంచి లారీ హారను. అద్దం దించి తల బయటపెట్టి, రోడ్డు అంచు చూసుకుంటూ పాకింది. కల్వర్టు గోడ చూసుకోలేదు. ఎడమవైపు గీసుకుని ఆగింది.

కాలువలో పడలేదు. పెద్దావిడకు దెబ్బ తగల్లేదు. కానీ ఆలస్యమై, ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా ఆయాసంతో వరండాలో కూర్చుందట. ఆవిడ కొడుకు వచ్చి, ఇకనుంచి వేరే కారు చూసుకుంటామన్నాడు. కోప్పడలేదు. దానికే అమ్మాయి ఎక్కువ ఏడ్చింది.

కారు గుమ్మం ముందుకొచ్చేసరికి అన్నయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. చప్పుడు విని బయటికొచ్చి బంపరు తడిమాడు. ఎడమ లైటు అద్దం పగిలిపోయి, పట్టీ ఊడి, వైర్ల మీద వేలాడుతోంది.

"నా కట్టు ఊడలేదు" అన్నాడు మెల్లగా.

"కట్టు ఊడలేదు మామయ్యా. అసలు లైటే లేవలేదు. పెద్దలైటు వేస్తే లేచింది."

అన్నయ్య చెయ్యి లైటు మీదే ఆగిపోయింది. "పచ్చది కాకుండా ఏదిచ్చావు?"

"పచ్చదే ఇచ్చాను. రా, చూపిస్తా." చూపిస్తానన్నాక నాలుక కరుచుకుని, నా వంక తిరిగింది. "అమ్మా, నువ్వు చూడు."

నేను వంగి చూశాను. కొత్త టేపు చుట్టింది ఆకు రంగు వైరుకి. దానికి కాస్త పైన, జడలో దూరిపోయి, నిమ్మపండు రంగు వైరు ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు.

"ఆకు రంగుదానికి చుట్టారు అన్నయ్యా. నిమ్మపండు రంగుది వేరే ఉంది."

"అదే పచ్చది. నిమ్మపండు రంగుది. ఆకు రంగుది పెద్దలైటుది. నిన్న లైట్లన్నీ వేశాం కాబట్టే వెలిగింది."

"పచ్చ అంటే ఆకు రంగు మామయ్యా."

"గుడ్డులో ఉండేదాన్ని ఏమంటావు? పచ్చసొన. అది ఆకు రంగులో ఉంటుందా?"

"మరి పచ్చగడ్డి? అది నిమ్మపండు రంగులో ఉంటుందా?"

"పచ్చకామెర్లొస్తే మనిషి ఏ రంగులోకి తిరుగుతాడు?"

"మనిషి కాదు మామయ్యా, వైరు. నువ్వు వైరు అడిగావు."

ఇంకొకప్పుడైతే ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. పెద్దయ్యాక మా అమ్మాయి దగ్గర నేను అక్షరాలు దిద్దిన పుస్తకంలో రంగుల పేజీ ఒకటుంది. అందులో ఆకుపచ్చ, పసుపుపచ్చ అని పక్కపక్కనే రాసి ఉంటాయి. రెంటికీ తోక ఒకటే ఎందుకని మా అమ్మాయినే అడిగాను అప్పుడు. అంత పొడుగు మాట నోటితో ఎవరంటారు? పచ్చ అనేస్తాం. ఎదుటివాళ్ల కళ్లెదుట వస్తువు ఉంటుంది కాబట్టి సరిపోతుంది.

"పోనీలే అన్నయ్యా" అన్నాను. "నీ కంటి తప్పు కాదు. మాట దగ్గర తేడా వచ్చింది. నీ పనిలో వంక లేదు, యజమానికి నేనే చెప్తాను."

అన్నయ్య గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు, వాటికి ఏమీ అంటుకోకపోయినా.

"నాకు కనిపించి ఉంటే ఈ మాటతో పనేముంది, చెల్లీ?" అన్నాడు. "ఇన్నేళ్లలో ఏ వైరు పేరూ నోటితో పలికి ఎరగను. చూశాను, పట్టుకున్నాను, అంతే. నిన్ననే మొదటిసారి అడిగాను."



అమ్మాయిని పిలిచాడు. ఆ చుట్టిన టేపు ఊడదీసి, గీకిన చోట కొత్త టేపు గట్టిగా చుట్టమన్నాడు. నిమ్మపండు రంగుది పట్టుకో అన్నాడు. పచ్చ అనలేదు. బ్లేడు ఎంత లోతు దించాలో, ఎన్ని మెలికలు వెయ్యాలో కూర్చున్న చోటినుంచే చెప్పాడు. ఒకసారి వైరు తెగింది, అమ్మాయి మళ్లీ ఒలిచింది. ఆయన లేచి వెళ్లలేదు. విసుక్కోనూ లేదు. విసుక్కుంటే బాగుండుననిపించింది.

పని అయ్యాక పనిపెట్టె మూత వేసి, గొళ్లెం పెట్టి, కాలితో కారు వైపు జరిపాడు.

"ఇది ఇక్కడే ఉండనీ. వైరెప్పుడైనా వదులైతే నీకు కావలసొస్తుంది."

"మామయ్యా..."

"చిన్నలైటు వేసి, స్విచ్చి నొక్కు."

ఎండ తగ్గింది. మిగిలిన ఒక్క లైటు బంపరు కింద వెలిగి, గోడ మొదట్లో లేతగా పరుచుకుంది. అన్నయ్య గడప దిగలేదు. అరచేతులు రెండూ మోకాళ్ల మధ్య దాచుకుని, మా ఇద్దరిలో ఎవరు ఎక్కడున్నారో తెలియనట్టు మధ్యలోకి ముఖం పెట్టి అడిగాడు.

"వెలిగిందా?"