ఒరిజినల్ లెక్క

సదానందానికి రాయిని నున్నగా కోయించడం వచ్చు. అంతకు మించి ఏమీ రాదు. కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం చేసి నాలుగు కార్లు కొన్నాడు. ఐదోది పాతది కావాలన్న బుద్ధి కూడా సొంతంగా పుట్టింది కాదు, ఫోన్‌లో ఎవరిదో చూస్తే పుట్టింది. పాత కారుంటే తనది తరాల నాటి గొప్ప కుటుంబమని జనం అనుకుంటారట.

ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు సేఠ్ దగ్గర అంబాసిడర్ ఉందని తెలిసి, మెకానిక్‌నని నన్నూ వెంట తీసుకుపోయాడు. బేరం కుదిరాక, సేఠ్ దగ్గర ముప్పై ఏళ్లు ఆ బండి నడిపిన డ్రైవర్ నాగయ్య తాళం చెవి ఇచ్చాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ కింద పక్కకు పొడుచుకొచ్చిన గేరు రాడ్డు మీద నా చెయ్యి పెట్టించాడు. ఆయన బొటనవేలు ఆనేచోట దాని గుండు అరిగి పల్లం పడింది.

"బిరేకులు మార్చు, వైర్లు మార్చు, ఏసీ పెట్టు. పానం మీదికి వచ్చేటియి ఏవైన మార్చు బిడ్డా. గీ గేరును మాత్రం ముట్టకు. గిది పోతే బండి పోయినట్టే," అన్నాడు.

ముట్టనని మాటిచ్చాను.

మొదట్లో ఆ మాట మీదే నిలబడ్డాను. కొత్త డిస్కు బ్రేకులు చక్రాల లోపల కనబడకుండా అమర్చాను. ఏసీ గొట్టాలు డాష్‌బోర్డు కింద దాచాను. మీటరు లోపల కొత్త యంత్రం పెట్టి, పాత ముల్లునే తిప్పించాను. ఐదు నెలలు పట్టింది. సదానందం వచ్చి నడిపాడు. ముందుకని లాగి రివర్సులో వేసి నా షెడ్డు గోడకు గుద్దాడు. తప్పు గేరుదేనన్నాడు. నడపడం చేతకానివాడు కారును తిట్టడం చాలా చూశాను, ఇంత ధీమాగా తిట్టినవాణ్ని చూడలేదు.

"గేరు కింద పెట్టు. కని పైన గా రాడ్డు ఉండనియ్యి. చూసెటోళ్లకు ఒరిజినల్ లెక్క కనవడాలె," అన్నాడు.

లెక్క అంటే మా దగ్గర 'వలె' అని అర్థం. ఒరిజినల్ కావాలని ఆయన ఒక్కనాడూ అనలేదు. మొదటినుంచీ ఒరిజినల్ లెక్క అనే అన్నాడు. నేనే చెవిన పెట్టలేదు.

కాదనొచ్చు. అనలేదు. ఆయన కార్లూ, క్వారీ లారీలూ నా షెడ్డుకే వస్తాయి. కొత్త గేరు డబ్బా బిగించి, గేరును నేలకు దించాను. పాత రాడ్డును స్టీరింగ్‌కు ఊరికే తగిలించాను. అది దేన్నీ కదపదు.

బండి పూజ కొండగట్టు గుడి దగ్గర పెట్టుకున్నాడు. ఎక్కడన్నా ఆగితే చూడాలని నన్నూ రమ్మన్నాడు. చుట్టాలూ, ఫొటోగ్రాఫరూ వచ్చారు. ఆ కారు తన తాతదని కొన్ననాటి నుంచీ చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ తాత మేకలు కాసి బతికాడు. అందులో సిగ్గేముందో నాకర్థం కాదు, మనవడి కన్నా మర్యాదగానే బతికుంటాడు. సాక్ష్యానికి నాగయ్యను ఆదిలాబాద్ నుంచి రప్పించాడు. ఆయన బండిని నిమ్మకాయల మీదుగా నడపాలి, ఆ తర్వాత ఈ సార్ తాతకు నేనే డ్రైవర్‌నని అందరి ముందూ చెప్పాలి.

నాగయ్య చెప్పులు విడిచి ఎక్కాడు. చూడకుండానే ఎడమ చెయ్యి రాడ్డు మీదికి పోయింది. బొటనవేలు ఆ పల్లంలో కూర్చుంది. లాగాడు. రాడ్డు విరిగిన చెయ్యిలా వేలాడింది. మళ్లీ లాగి చూశాడు. అప్పుడు నేల మీది కొత్త గేరు కనబడింది. అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. బండిని కదపకుండానే ఆయన దిగాడు.

సదానందం ఆయన భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు నవ్వుతూ, ఇదెవరి బండో చెప్పమన్నాడు.

"మీ తాతదే సార్," అన్నాడు నాగయ్య. "నేను నడిపిన బండైతే గిది కాదు."

మొదటి మాటకే చుట్టాలు చప్పట్లు కొట్టారు. రెండోది ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. సదానందం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నాగయ్యా నేనూ ఒక పక్షమే అనుకుని దగ్గరికి పోయాను. పాత గేరు డబ్బా షెడ్డులోనే ఉందనీ, పారెయ్యలేదనీ చెప్పాను.

ఆయన నా మసి చేతులూ, జేబులోని పానా చూశాడు.

"మంచిగున్నవ్ బిడ్డా," అన్నాడు. "అచ్చం మెకానిక్ లెక్కనే ఉన్నవ్."