పదకొండో తల

"నీకేం బిల్కిస్, నీళ్ళల్ల దుంకేటిది మేము. నువ్వు పడవ మీద కూసోని గాలి తింటవ్" అన్నాడు రఫీయుద్దీన్, గురువారం సాయంత్రం, కతార్‌లోని అల్ మన్సూరా ఫ్లాట్‌లో సోఫా మీద కాళ్ళు చాపుకొని. అప్పటికి బిల్కిస్ మూడో కిలో ఉల్లిగడ్డలు కోస్తోంది. ఇంట్లో వాళ్ళది దక్కనీ ఉర్దూయే. కానీ ఇద్దరూ ఆర్మూరులో పుట్టి పెరిగినవాళ్ళు కదా, ఎత్తిపొడవాలన్నా ఎదురు చెప్పాలన్నా తెలుగే నాలుక మీదికొస్తుంది. ఆ సాయంత్రం ఆమె ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది.

పడవ మీద గాలి ఎట్లా ఉంటుందో తొమ్మిదేళ్ళుగా ఆమెకే తెలుసు. క్లబ్బులో సముద్రం అడుగుకు దిగేవాళ్ళు పదకొండుమంది. ప్రతి శుక్రవారం పొద్దున్నే అల్ వక్రా రేవులో పడవెక్కుతారు. వాళ్ళ వీపుల మీద గాలి సిలిండర్లుంటే ఆమె చేతుల్లో బిర్యానీ దేగ్, భుజాన చాయ్ థర్మాసులు. వాళ్ళు దిగితే ఆమె గిన్నెలు సర్దుతుంది, ఎక్కితే తువ్వాలందిస్తుంది, కడుపులో తిప్పినవాళ్ళ వీపు నిమిరి నిమ్మకాయ చేతిలో పెడుతుంది. ఇంటికొచ్చాక మొగుడి రబ్బరు డ్రెస్సును తొట్టిలో నానేసి, ఉప్పంతా పోయేదాకా ఉతకడం కూడా ఆమె పనే. చన్నీళ్ళ కింద మగవాడికి ఎంత గుండె కావాలో ఆయన నలుగురిలో చెబుతాడు. చలికి డ్రెస్సులోనే ఏం కానిస్తాడో ఆ వాసన ఈమెకు చెబుతుంది. ఆ ముచ్చట ఆమె ఎవరి చెవినా వెయ్యలేదు. మొగుడి పరువు కాపాడడం కూడా ఆ ఉతుకుడులోదే.

అత్త ఆర్మూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "దుబాయ్ల పడవలెక్కి తిరుగుతున్నవంట. నీ అసొంటి నసీబు ఎవలకున్నది?" కతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. పడవ అన్నా ఆమెకు షికారే.

క్లబ్బుకు పెద్ద ఫసీయుద్దీన్ భాయ్, నిర్మల్ మనిషి, ఇంజనీరు. దిగేవాళ్ళ పేర్లు ఒక అట్ట మీద రాసుకుంటాడు, పైకొచ్చాక తలలు లెక్కపెడతాడు. ఆ అట్ట మీద బిల్కిస్ పేరుండదు. ఓసారి కొత్తగా చేరినాయన "మరి ఆమె?" అని అడిగితే "ఆమె సామాన్ల లెక్క" అన్నాడు రఫీయుద్దీన్. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే జోకు అర్థం కాలేదంటారు.

అసలు ఆ పడవ మీద ఆమె గొంతెత్తింది ఒక్కసారే. నాలుగేళ్ళ కింద, దూరంగా నీళ్ళల్లో నల్లగా ఏదో మునిగి తేలుతుంటే "మనిషి, మనిషి" అని కేక పెట్టింది. పడవ తిప్పుకొని పోయి చూస్తే, జాలరులు వదిలేసిన డ్రమ్ము. అప్పటినుంచి ఆమె నోరు తెరిస్తే చాలు, "ఏం భాభీ, డ్రమ్మా?" అంటారు. అందుకే తెరవడం మానేసింది.

తెల్లవారితే శుక్రవారం. జనవరి నెల, ఉత్తరపు గాలి చెవులు కోసేస్తోంది. పదకొండుమందీ జోడీలు కట్టి, చివర ముగ్గురొక జట్టుగా, నీళ్ళల్లోకి దిగారు. రఫీయుద్దీన్‌కు ఆ రోజు జోడీ సునంద. కాకినాడ పిల్ల, ఇక్కడ నర్సు, దిగేవాళ్ళలో ఒక్కతే ఆడమనిషి. కింద జోడీని విడవకూడదన్నది వాళ్ళ మొదటి రూలు. కానీ పావుగంట కాకుండానే రఫీయుద్దీన్ ఒక్కడే పైకొచ్చాడు. "చెవుల పోటు లేసింది. సునందను ముందటోళ్ళకు అప్పజెప్పి వచ్చిన" అని క్యాబిన్‌లోకి పోయి పడుకున్నాడు.

బిల్కిస్‌కు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కొక్కేనికి వేలాడుతున్న క్లబ్బు కోటు, తలమీదికి టోపీ ఉన్న నల్లటిది, తీసి తొడుక్కుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే నిచ్చెనెక్కి, అట్లాంటి కోట్లే తొడుక్కొని, ముడుచుకొని కూర్చున్నారు. చాయ్ పంచి, టోపీ ముందుకు లాక్కొని తనూ వాళ్ళ పక్కన ఒదిగింది. అలలు పెరుగుతుంటే కెప్టెన్ తొందరపెట్టాడు. ఫసీయుద్దీన్ ముందు నుంచి వేలు చూపుతూ టోపీలు, తనదీ కలిపి, లెక్కపెట్టాడు. క్యాబిన్‌లో పడుకున్న రఫీయుద్దీన్‌నూ కలుపుకున్నాడు. "పదకొండు. పూరా. యల్లా" అన్నాడు. లంగరు పైకొచ్చింది, ఇంజను అందుకుంది.

బిల్కిస్ చాయ్ పళ్ళెం వంక చూసింది. ఒక కప్పు మిగిలింది. చక్కెర వెయ్యనిది.

సునంద క్యాబిన్‌లో ఉందేమో అనుకుంది. తొంగి చూస్తే మొగుడొక్కడే. బాత్రూమ్‌లో ఉందేమో అనుకుంది. ఆ తలుపు గాలికి కొట్టుకుంటోంది. లెక్కపెట్టిందేమో ఇంజనీరు, తను చదివిందేమో నాలుగో తరగతి. తప్పయితే ఇంకో నాలుగేళ్ళు డ్రమ్ము. మరి తప్పు కాకపోతే? ఆ ఆలోచన రాగానే లేచి నిలబడింది.

"ఫసీ భాయ్, సునంద రాలె."

"వచ్చింది భాభీ. పదకొండు లెక్కవెట్టిన."

"ఏం భాభీ, మళ్ళ డ్రమ్మా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"కూసో బిల్కిస్" అన్నాడు క్యాబిన్‌లోంచి రఫీయుద్దీన్. "లెక్కలు నీకేం తెలుసు?"

"లెక్కలు తెల్వయి. చక్కెర లేని చాయ్ ఎవలు తాగుతరో తెలుసు. ఇగో, ఈ కప్పు ఎవలూ తీస్కోలె." అంటూ టోపీ వెనక్కి నెట్టింది. "నన్ను గూడ కలిపిండ్రా భాయ్?"

ఫసీయుద్దీన్ వేలు మళ్ళీ టోపీల మీదుగా తిరిగి ఆమె దగ్గర ఆగిపోయింది.

"తొమ్మిదేండ్ల సంది మీ లెక్కల లేనిదాన్ని. ఇయ్యాల్నే ఎట్ల కలిసిన?"

ఎవరూ నవ్వలేదు. పడవ గిర్రున తిరిగింది. తలా ఒక దిక్కు కళ్ళు పెట్టారు. రఫీయుద్దీన్ చెవిపోటు మరిచి అంచున నిలబడి, "ముందటోళ్ళు చూసిండ్రనుకున్న, సైగ జేసిన, చూసిండ్రనుకున్న" అని అదే మాట అంటున్నాడు. బిల్కిస్ తనకొచ్చిన దువాలన్నీ చదివింది. ఇరవై నిమిషాలు ఇరవై ఏళ్ళంత సాగాక, రెండు అలల మధ్య ఆపదలో ఊది పైకెత్తే నారింజ రంగు గాలిగొట్టం ఒకటి లేచి కనబడింది. దాన్ని రెండు చేతులా పట్టుకొని సునంద.

పైకి లాగేసరికి ఆ పిల్ల పెదవులు నేరేడు పళ్ళలా ఉన్నాయి. బిల్కిస్ తన కోటు విప్పి చుట్టి, అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకొని రుద్దింది.

"ఇంజను చప్పుడు విన్నానక్కా" అంది సునంద వణుకుతూ. "నన్నొదిలేసి వెళ్ళిపోతున్నారనుకున్నాను."

"ఎట్ల పోనిస్త బిడ్డా."

అప్పుడు గానీ పడవంతా ఊపిరి పీల్చలేదు. ఫసీయుద్దీన్ కళ్ళు తుడుచుకొని, పేర్లున్న ఆ అట్ట తెచ్చి బిల్కిస్ చేతిలో పెట్టాడు. "ఇగ నుంచి గిన్తీ, ఈ తలల లెక్క, మీ జిమ్మేదారి భాభీ. మీ అసొంటి యాది మాకు లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. రఫీయుద్దీన్‌కు గొంతు తిరిగొచ్చింది. "చూసిండ్రా, నా బీవీ. బిర్యానీ, చాయ్, ఇగ గిన్తీ. మూడు డిపార్ట్‌మెంట్లు."

బిల్కిస్ అట్ట వంక చూస్తూ ఉండిపోయింది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మామ ఒకనాడు "ఈ పిల్ల రొట్టెలు దూదోలె ఉన్నయి" అన్నాడు, ఆ పూట నుంచి పద్నాలుగుమంది రొట్టెలు ఆమెవే. ఆడబిడ్డ "నీ చేతి కుట్టు బాగుంది" అంది, ఆ ఏడాది పండగకు ఇంటిల్లిపాది బట్టలూ ఆమె ఒళ్ళోనే పడ్డాయి. ఆమె దగ్గరికి మెచ్చుకోలు ఎప్పుడూ ఒట్టి చేతులతో రాలేదు. వెంట ఒక పనిని పట్టుకొచ్చింది.

అట్టను మెల్లగా ఫసీయుద్దీన్‌కు తిరిగిచ్చింది. "మీరే లెక్కవెట్టుకోండ్రి భాయ్. టోపీలు గాదు, మొఖాలు చూసి లెక్కవెట్టుండ్రి. వచ్చే శుక్రవారం నేను రాను. ఆ పై శుక్రవారం గూడ రాను."

ఇంత సులువుగా నోటినుంచి వచ్చేస్తుందని ఆమెకూ తెలియదు. భుజాలు తేలికయ్యాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి, అందరూ చూస్తుండగా, తనకోసం ఒక చాయ్ పోసుకొని కూర్చుంది. వేడిగా ఉంది.

రఫీయుద్దీన్ దగ్గరికొచ్చాడు. కోపం లేదు, నిజంగానే దారి తోచక అడిగాడు. "నువ్వు రాకుంటే మా తిండెట్ల?"

బిల్కిస్ ఇంకో గుక్క తాగింది.

"సముద్రం అడుగుదాక పోయొస్తరు గదా జీ. పొయ్యి దాక పోలేరా?"