కంట్లో సున్న

“రెండు కళ్ళకీ సున్న.”

స్కాన్ గది తలుపు సందులోంచి వచ్చిన ఆ మాట లేత్ మేస్త్రి చెవిన పడింది. పడడం సగమే పడింది. ముప్పయ్యేళ్ళుగా ఇనుము కోసే మోతకు ఆయన చెవులు అప్పటికే సగం అరిగిపోయాయి.

వచ్చింది తలనొప్పికి. ఎమ్మారై బల్ల మీద పడుకోబోతుంటే స్కాన్ తీసే అమ్మాయి ఏం పని చేస్తారని అడిగింది. లేత్ అనగానే ఆపేసింది. కంట్లో ఇనుప రజను ఉంటే ఆ యంత్రంలోని అయస్కాంతం దాన్ని కదిలించి చూపు పోగొడుతుందట. ముందుగా సీటీ తీస్తే, ముక్కుకు అటూ ఇటూ కళ్ళ మూలల్లో తెల్లటి చుక్కలు తేలాయి. డాక్టరమ్మను పిలిచారు.

బడిలో సున్నలు మేస్త్రికి కొత్త కాదు. కానీ స్కేలు మీద గీత కనబడకపోతే ఆయన చేతులు ఉండీ లేనట్టే. బెంచీ మీదున్న భార్యకీ బావమరిదికీ సంగతి చెప్పాడు. ఎదురుగోడ మీది బోర్డు చదువుతున్నావు కదా బావా అన్నాడు బావమరిది. ఇవాళ్టికి చదువుతున్నాను, స్కానే సున్న వేశాక రేపటి మాటేమిటి అన్నాడు మేస్త్రి.

భార్య తన కళ్ళద్దాలు తుడుచుకుంది. “గీతలు నేను చదువుతాను. మిషను మీరు తిప్పండి. తిప్పలు నాకెలాగూ అలవాటే.”

అప్పుడు మాత్రం మేస్త్రి కళ్ళు నిజంగానే మసకబారాయి.

డాక్టరమ్మ బయటికి రాగానే లేచి, సున్నకు మందుందా అమ్మా అని అడిగాడు. ఆమె ఓ క్షణం తికమకపడి, నవ్వి, బెంచీలన్నిటికీ వినబడేలా గొంతు పెంచింది.

“సున్న కాదు మేస్త్రిగారూ, సున్నం. కన్ను తిప్పే కండరం ఒకటి తాడులా చిన్న గిలక మీదుగా పోతుంది. కొందరికి ఆ గిలక దగ్గర సున్నం పేరుకుంటుంది. ఇనుప రజనైతే రెండు వైపులా ఇలా కొలిచి పెట్టినట్టు దూరదు. మీ చూపుకేం ఢోకా లేదు, ఎమ్మారై తీయించుకోవచ్చు.”

మేస్త్రి ముందు స్కాన్ అమ్మాయికి దండం పెట్టాడు. “పని అడిగి నా పనిని కాపాడావు తల్లీ.” ఆపైన భార్య కళ్ళద్దాలు అందుకుని, తన చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

బావమరిది ఆయన చెవి దగ్గరికి వంగి, వరండా అంతటికీ వినబడేలా చెప్పాడు. “కళ్ళలో సున్నం బావా. సున్న వచ్చింది చెవులకి.”